నాలుగు వందల ఇరవై రెండు

ఆకివీడు ఐసు ఫ్యాక్టరీ మేడ మీద నా గది.
కింద కంప్రెసరు దడదడ.
నా గ్లాసులో నీళ్ళకి ఎప్పుడూ ఓ వణుకు.

రాత్రి రెండింటికి చెరువులు నిద్ర లేస్తాయి.
పట్టుబడి రోజున రొయ్యకి ఐసు ఆలస్యమైతే
తల నల్లబడుతుంది, కొనేవాడు రేటు కోసేస్తాడు.
సిద్ధాపురం, గుమ్ములూరు, చినకాపవరం
ఫోన్ల వెలుగులో మొహాలు కనపడని మనుషులు
నా సర్వరు తలుపు తడతారు.

మొదటి గుమ్మం ఎవరు నువ్వని అడుగుతుంది.
రెండోది, ఇందాకేగా వచ్చావు, కాస్త ఆగమంటుంది.
మూడోది కాగితం తిరగేసి మరగేసి
అంకె ఉండాల్సిన చోట అంకె ఉందా అని చూస్తుంది.
ఆ తర్వాతే దారుల పట్టిక,
ఏ పిలుపుకి ఏ ఫంక్షను పలకాలో.
ఫ్రేమ్‌వర్క్ ఎవరిదో అయినా గుమ్మాలు నావి.
మొన్న రోహిణి కార్తెలో
తడి తువ్వాలు నెత్తికి చుట్టుకుని రాశాను.

అంతకు ముందు ఇదంతా వీరభద్రం గారు.
ఒక ఫోను, ఎర్రట్ట పుస్తకం, చెవి మీద పెన్సిలు.
"ఆయ్, చెప్పండి" అంటే చాలు
గొంతుని బట్టి ఊరు, ఊరిని బట్టి చెరువు,
చెరువుని బట్టి ఎన్ని దిమ్మలో.
పాస్‌వర్డు లేదు. అవతలివాళ్ళ దగ్గే ఆనవాలు.
ఇప్పుడాయన లోడింగు దగ్గర దిమ్మలు లెక్కపెడుతున్నాడు.
నా మీద కోపమేం లేదంటాడు.
టీ మాత్రం తనది తనే తెచ్చుకుంటాడు.

ఆ రాత్రి లాగ్‌లో ఒకే నంబరు పదకొండు సార్లు.
పదకొండు సార్లూ నా జవాబు ఒకటే: 422.
వచ్చింది అర్థమైంది గానీ పుచ్చుకోవడం కుదరదని.
పరిమాణం గడి తెరిచి చూశాను.
"రెండు దిమ్మలు"
"రెండేనయ్యా"
ఆరోసారి "పని చేయట్లేదా ఇది"
పదోసారి "అన్నాలు తిని పడుకున్నారా"
పదకొండోది ఖాళీ.
ఆ ఖాళీక్కూడా పన్నెండు మిల్లీసెకన్లలో
కాదని చెప్పేసింది నా సర్వరు.
ఎంత చురుకో.

కిందికి దిగి అడిగాను, ఈ నంబరు ఎవరిదండీ,
నాలుగొందల ఇరవై రెండు పడుతోందని.
"ఫోర్ ట్వంటీకి రెండు పైనా?
సువార్తమ్మ అలాంటి మనిషి కాదండీ."
దుంపగడప కాలవగట్టు, చేపల తట్ట,
చూపానక మైకులో చెబితే ఫోను రాసుకుంటుందట.
"ఆవిడ ఎప్పుడూ రెండే. లెక్క శనివారం తీరుస్తాది."
మాట్లాడుతూనే రెండు దిమ్మలు తొట్టి రిక్షాలోకి దొర్లించి
ఊక కప్పి, గోనె వేసి
తొక్కుకుంటూ చీకట్లోకి వెళ్ళిపోయాడు.
నా వైపు చూడనైనా లేదు.

పైకొచ్చి మూడో గుమ్మం విప్పాను.
రెండంటే 2, అరడజనంటే 6, సరే.
"కాసిని" అంటే?
"మొన్నటంత" అంటే?
"పెళ్ళికి సరిపడా" అంటే?
కర్సరు కొట్టుకుంటూ కూర్చుంది.
చివరికి ఒక్క వరస రాశాను:
అర్థం కాకపోతే తోసేయకు,
కింద వీరభద్రం గారి బల్ల మీద గంట కొట్టు.
పరీక్షించకుండానే ఎక్కించేశాను,
తెలిసిన వాళ్ళెవరైనా చూస్తే తిడతారు.

నాలుగున్నరకి కింద గంట మోగింది.
మోగుతూనే ఉంది.
ఆయన ఇంకా తిరిగి రాలేదు.
తెర మీద అదే నంబరు, పరిమాణం గడిలో
"అందింది. ఎవరబ్బాయివి నువ్వు"

నా పట్టికలో దానికి దారి లేదు.
ఊరు పేరు కొట్టాను, చెరిపాను.
నాన్న పేరు కొట్టాను, చెరిపాను.
కంప్రెసరు ఆగిన ఓ నిమిషంలో
గ్లాసులో నీళ్ళు కదలకుండా నిలబడ్డాయి.

"ఆయ్" అని పంపాను.